కెయిర్న్స్‌లో ఏడాది: ఆలుమగలిద్దరూ పని చేస్తూ, వీకెండ్లు తిరగడానికి సమగ్ర మార్గదర్శి

మా ఫ్రిజ్ తలుపు మీద రెండు రోస్టర్లు పక్కపక్కనే అంటించి ఉండేవి. ఒకటి నాది, ఇంకోటి మా ఆయనది. సెలవు రోజుల చుట్టూ నేను ఎర్ర పెన్నుతో, తను నీలం పెన్నుతో సున్నాలు చుట్టేవాళ్లం. మొదటి మూడు వారాల్లో ఎర్ర సున్నా, నీలం సున్నా ఒక్క తేదీ మీద కూడా కలవలేదు. ఇద్దరం ఆస్ట్రేలియా వచ్చాం, గ్రేట్ బ్యారియర్ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బలు) 45 నిమిషాల పడవ ప్రయాణం దూరంలో ఉంది, కలిసి చూసింది మాత్రం సూపర్ మార్కెట్ ఒక్కటే.

వర్కింగ్ హాలిడే గురించి రాసేవాళ్లు వీసా గురించీ జీతం గురించీ బాగానే రాస్తారు. జంటగా వెళ్లేవాళ్లకు అసలు చిక్కు ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడంలో ఉంది. ఏ ఊళ్లో ఉండాలి, ఏ పని పట్టాలి, కారు కొనాలా వద్దా అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. అందుకే ఈ గైడ్ అంతా ఆ ఎర్ర, నీలం సున్నాలను కలిపే ప్రయత్నం.

మొదటి అడుగు: ఎవరి బ్యాలెట్ వారిదే

భారతీయులకు ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా (సబ్‌క్లాస్ 462) తలుపు తెరుచుకుంది 2024లోనే. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రెండు దేశాల వాణిజ్య ఒప్పందంలో భాగంగా ఏడాదికి 1,000 మందికి ఇస్తారు. తొలిసారి రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు రెండు వారాల్లోనే 40 వేల మంది దాకా పేర్లు ఇచ్చారు. కాబట్టి ముందు లాటరీ తగలాలి. దాన్నే బ్యాలెట్ అంటారు.

పెళ్లయిందా లేదా అన్నది బ్యాలెట్‌కు పట్టదు. ఇద్దరూ వేరువేరుగా ఇమ్మిఅకౌంట్ (ఆస్ట్రేలియా ఇమ్మిగ్రేషన్ శాఖ ఆన్‌లైన్ ఖాతా) తెరిచి, వేరువేరుగా పేరు నమోదు చేసి, తలా 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు వివరాలు ఇవ్వాలి. రెండింటిలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనవాళ్లలో మామూలే. పెళ్లి తర్వాత ఒకదాంట్లో మార్చి ఇంకోదాంట్లో వదిలేసిన ఆడవాళ్లయితే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

పేరు వచ్చాక వీసాకు దరఖాస్తు చేయడానికి 28 రోజులే గడువు. ఆ గడువులో అన్నీ సర్దుకోవడం కష్టం. బ్యాలెట్ వేసిన రోజునుంచే ఇవి సిద్ధం చేసుకోవాలి:

- వయసు 18 నుంచి 30 లోపు. 31వ పుట్టినరోజుకు ముందే దరఖాస్తు పడాలి.
- డిగ్రీలో కనీసం రెండేళ్ల చదువు పూర్తయినట్టు రుజువు.
- ఇంగ్లిష్ వచ్చినట్టు రుజువు. ఫంక్షనల్ స్థాయి చాలు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.
- ఖాతాలో ఒక్కొక్కరికి 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, ఆపైన తిరుగు టికెట్ ఖర్చు. ఇద్దరికీ కలిపి ఆరు లక్షల రూపాయల పైమాటే.
- పిల్లల్ని వెంట తీసుకెళ్లే వీలు లేదు.

వీసా ఫీజు ఒక్కొక్కరికి 600 డాలర్లు దాటింది. ఏటా జూలైలో పెరుగుతుంటుంది కాబట్టి కట్టేనాటి రేటు చూసుకోండి. దరఖాస్తు చేసేటప్పుడు ఇద్దరూ ఆస్ట్రేలియా బయటే ఉండాలి.

ఒక్కరికే వస్తే?

చాలా జంటల విషయంలో జరగబోయేది ఇదే. మా ఇద్దరికీ ఒకే విడతలో వచ్చింది. దాన్ని మా అత్తగారు కొండగట్టు అంజన్న ఖాతాలో వేశారు, మా అమ్మ వాడపల్లి వెంకన్న ఖాతాలో వేసింది. దాన్ని చూసి మీకూ అలాగే వస్తుందని లెక్కలు వేసుకోకండి.

ఈ వీసాకు డిపెండెంట్ అనే మాటే లేదు. వచ్చినవాళ్ల మీద రెండోవాళ్లు ఆధారపడి రావడం కుదరదు. అయితే ఒక వెసులుబాటు ఉంది. వీసా మంజూరైన రోజునుంచి 12 నెలల లోపు ఎప్పుడైనా ఆస్ట్రేలియాలో అడుగుపెట్టవచ్చు. అక్కడ దిగిన రోజునుంచే మీ ఏడాది మొదలవుతుంది. అంటే ముందు వీసా వచ్చినవాళ్లు ఇక్కడి ఉద్యోగం మానకుండా ఆగి, రెండోవాళ్లు తర్వాతి బ్యాలెట్‌లో మరోసారి ప్రయత్నించవచ్చు. అప్పటికీ రాకపోతే ఒక్కరే వెళ్లాలా, మానుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. విజిటర్ వీసా మీద వచ్చి నెలో రెండు నెలలో కలిసి ఉండవచ్చు గానీ, దాని మీద పని చేయకూడదు. ఎవరో చేయవచ్చని చెప్పినా నమ్మకండి.

బ్రిటన్‌కు ఇలాంటిదే యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ ఉంది. ఏడాదికి 3,000 మందికి, రెండేళ్లకు ఇస్తారు, డిగ్రీ ఉండాలి. అదీ లాటరీయే, అక్కడా ఎవరిది వారిదే. రెండు చోట్లా పేర్లు ఇచ్చి ఉంచుకోవడంలో తప్పులేదు.

ఊరు ఎంచుకోవడం

మనవాళ్లు ఎక్కువమంది మెల్‌బోర్న్ లేదా సిడ్నీ అంటారు. బాబాయి కొడుకు ఉంటాడు, నాలుగు రోజులు వాళ్లింట్లో దిగవచ్చు, ఇడ్లీ పిండి దొరుకుతుంది. దిగడానికి ఓకే. ఏడాది ఉండటానికి మాత్రం వద్దనే నా సలహా. అద్దె మండిపోతుంది, ఊరు దాటడానికే గంట పడుతుంది, పైగా అక్కడ హోటల్లో చేసిన పని రెండో ఏడాది వీసాకు లెక్కలోకి రాదు.

రెండో ఏడాది లెక్క ఇదీ. మొదటి ఏడాదిలో నిర్దేశించిన ప్రాంతాల్లో, నిర్దేశించిన పనులు మూడు నెలలు, అంటే 88 రోజులు, చేస్తే రెండో వీసా అడగవచ్చు. దానికి మళ్లీ బ్యాలెట్ లేదు. రెండో ఏడాదిలో ఆరు నెలలు అలా చేస్తే మూడోది. 462 వీసాకున్న మేలు ఏమిటంటే, ఉత్తర ఆస్ట్రేలియాలో అయితే తోట పనే కాదు, హోటల్, టూరిజం పనులు కూడా లెక్కకు వస్తాయి. మకర రేఖకు పైనున్న క్వీన్స్‌లాండ్ అంతా ఆ ఉత్తరంలోకే వస్తుంది. కెయిర్న్స్ అక్కడే ఉంది.

అందుకే మేం కెయిర్న్స్ ఎంచుకున్నాం. ఒకవైపు రీఫ్, ఇంకోవైపు వర్షారణ్యం, రెండూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నవే. గంటన్నర దూరంలో అరటి, చెరకు, కొండెక్కితే మామిడి, కాఫీ. ఉక్కపోత అచ్చం మన కోనసీమలాగే ఉంటుంది. అలవాటైన ఒళ్లే కాబట్టి మొదటి వారం తెల్లవాళ్లు ముఖాలు ఎర్రబడి కూర్చుంటే మేం మామూలుగానే తిరిగాం.

దిగడానికి మంచి సమయం ఏప్రిల్ చివర లేదా మే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. జూన్ నుంచి అక్టోబరు దాకా టూరిస్టుల రద్దీ ఉంటుంది కాబట్టి హోటళ్లు మే నెలలోనే మనుషుల్ని వెతుక్కుంటాయి.

సామాను, ఆవకాయ

బట్టలు తక్కువ, కాగితాలు ఎక్కువ పెట్టుకోండి. డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఆర్టీఏలో చేయించుకోండి. మనకూ ఆస్ట్రేలియాకూ వైద్యం విషయంలో ఒప్పందం లేదు, అక్కడి ప్రభుత్వ మెడికేర్ మనకు వర్తించదు. ఏడాదికి సరిపడా ఇన్సూరెన్స్ తప్పదు. అందులో తోట పనికి, స్నార్కెలింగ్‌కు కవర్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

తిండి సామాను గురించి ఒక్కమాట. విమానంలో ఇచ్చే కార్డులో ఆహార పదార్థాలున్నాయా అని అడిగితే ‘ఉన్నాయి’ అనే రాయాలి. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ, కందిపొడి, ఎండు కరివేపాకు అన్నీ రాశాం. అధికారి సీసా మూత తీయించి, నూనెలో తేలుతున్న ముక్కల్ని కాసేపు చూసి, ఆవకాయ ఇచ్చేసింది. కరివేపాకు పొట్లం బుట్టలో పడింది. రాయకుండా దాచి దొరికితే భారీ జరిమానా, వీసాకే ఎసరు రావచ్చు. పోయినా పొట్లమే పోవాలి.

మొదటి పది రోజులు

దిగిన మర్నాడే టాక్స్ ఫైల్ నంబరుకు దరఖాస్తు చేయండి. ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బు తీసుకుని చేసిపెడతామనే సైట్ల జోలికి పోవద్దు. తర్వాత బ్యాంకు ఖాతా. ఎవరి జీతం వారి ఖాతాలోకే వెళ్లాలి, ఎందుకంటే రేపు 88 రోజుల రుజువు అడిగితే పేస్లిప్పులూ బ్యాంకు స్టేట్‌మెంటూ విడివిడిగా చూపించాలి. కలిపి వాడుకోవడానికి మూడో ఖాతా జాయింట్‌గా పెట్టుకోండి.

బార్‌లో పని చేయాలంటే మద్యం వడ్డించేవాళ్లకు ఉండే ఆర్ఎస్ఏ సర్టిఫికెట్ కావాలి. ఆన్‌లైన్ కోర్సు, ఒక పూటలో అయిపోతుంది.

ఇంటికి బాండ్, అంటే అడ్వాన్స్, కడితే ఆ డబ్బు యజమాని జేబులో ఉండకూడదు. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని రెసిడెన్షియల్ టెనెన్సీస్ అథారిటీ దగ్గర జమ చేయాలి. రసీదు అడగండి.

పని, సెలవు కుదుర్చుకోవడం

ఇద్దరూ పని చేయడానికి దారులు మూడు కనిపించాయి.

ఒకటి, ఇద్దరూ తోటలో. సోమవారం నుంచి శుక్రవారం దాకా పని, శని ఆదివారాలు ఖాళీ. సున్నాలు వాటంతటవే కలుస్తాయి. రెండు, ఇద్దరూ ఒకే హోటల్లో లేదా రిసార్ట్‌లో. అప్పుడు ఇంటర్వ్యూలోనే చెప్పాలి: ‘మేమిద్దరం జంట, ఏ రెండు రోజులైనా సరే, ఇద్దరికీ అవే రోజులు సెలవు ఇవ్వండి’ అని. శని ఆదివారాలే కావాలని పట్టుబట్టకండి. ఆ రోజుల్లో జీతం రేటు ఎక్కువ, హోటల్‌కు మనుషులు కావాల్సిందీ అప్పుడే. మంగళ, బుధవారాలు అడిగితే వెంటనే ఒప్పుకుంటారు. పైగా మంగళవారం జలపాతం దగ్గర కారు పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. మూడోది మేం మొదట చేసిన పొరపాటు: తను తోటలో, నేను హోటల్లో. తనకు శని ఆదివారాలు, నాకు సోమ మంగళవారాలు.

నాలుగో వారంలో నేనూ హోటల్ మానేసి టల్లీ దగ్గర అరటి తోటకు వెళ్లిపోయాను. మా అమ్మకు ఫోన్‌లో చెబితే ఓ క్షణం మాటే రాలేదు.

‘ఒసేయ్, రావులపాలెంలో పుట్టి, అరటి గెలలు కొయ్యడానికి ఆస్ట్రేలియా దాకా వెళ్లావా?’

వెళ్లాను మరి. ఆస్ట్రేలియాలో పండే అరటిలో సింహభాగం ఈ టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ చుట్టుపక్కలదే. మా ఆయనది కరీంనగర్, గెల భుజాన వేసుకోవడం అంతకుముందు ఎరుగడు. చెట్టు మీద గెలకు ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంటుంది. ఒకరు బోదెను సగం నరికితే గెల మెల్లగా వంగి కిందున్నవాడి భుజం మీదకు వాలుతుంది. వాలగానే కాడ తెగ్గొడతారు, అంత బరువూ మనదే. దాన్ని మోసుకెళ్లి ట్రెయిలర్‌లో పెట్టాలి. నేను ప్యాకింగ్ షెడ్డులో. అత్తాలు కోసి నీళ్లలో వేయడం, కడగడం, సైజు చూసి పెట్టెల్లో సర్దడం. రోజంతా నిలబడే ఉండాలి, జిగురు చొక్కాకు అంటితే నల్లటి మరక ఇక పోదు. రెండు పాత చొక్కాలు దానికే రాసిచ్చేయండి.

తోటలోకి అడుగుపెట్టే ముందు బూట్ల అడుగు బ్రష్‌తో తోమి, మందు నీళ్ల తొట్టిలో ముంచాలి. బయటికొచ్చేటప్పుడూ అంతే. 2015లో టల్లీలో పనామా తెగులు కొత్త రకం బయటపడింది. మట్టితోనే వ్యాపిస్తుంది, ఒకసారి వస్తే నేలను వదలదు. సూపర్‌వైజర్ ఈ ఒక్క విషయంలో మాత్రం నవ్వడు.

తోట పని వెతికేటప్పుడు చాలామంది టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్‌లోని వర్కింగ్ హాస్టళ్లలో దిగుతారు. వాళ్లే పని చూపిస్తారు, వ్యాన్‌లో దింపుతారు. జంటలకు విడి గది ఉందా, ఇద్దర్నీ ఒకే తోటకు పంపుతారా అని డబ్బు కట్టకముందే అడగండి.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. టల్లీకి ముందు మా ఆయన ఒక కాంట్రాక్టర్ కింద పనిచేశాడు. ‘ఏబీఎన్ తీసుకో, చేతికి డబ్బు ఇస్తా’ అన్నాడాయన. తొమ్మిది రోజులు పనిచేశాక చూస్తే పేస్లిప్ లేదు, సూపర్ (జీతం మీద యజమాని కట్టాల్సిన రిటైర్మెంట్ పొదుపు) లేదు, గంటకు పడింది కనీస వేతనం కన్నా తక్కువ. ఆ తొమ్మిది రోజులూ 88లో చూపించడానికి ఏ కాగితమూ లేదు. ఏబీఎన్ అంటే సొంత వ్యాపారం చేసేవాళ్ల నంబరు. గెలలు మోసేవాడికి దాంతో పనిలేదు. ఎవరైనా అడిగితే అక్కడినుంచి వచ్చేయండి.

లెక్కలు గుర్తుంచుకోండి. 2025 జూలైలో జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లయింది. క్యాజువల్‌గా తీసుకుంటే దానిపైన 25 శాతం కలుపుతారు. పెట్టెల లెక్కన డబ్బిచ్చే తోటల్లో కూడా 2022 నుంచి గంటకు కనీస హామీ ఉండాల్సిందే. జీతం పడిన ఒక్క పనిదినంలోపు పేస్లిప్ ఇవ్వాలి. తేడా వస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వీసా మీద వచ్చినవాళ్లకూ ఆ హక్కు ఉంది. ఒక యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి చేయకూడదు. కొన్ని పనులకు మినహాయింపులున్నాయి.

కారు

కెయిర్న్స్ లోపల బస్సు, సైకిలు చాలు. వీకెండ్లు తిరగాలంటే మాత్రం కారు లేనిదే లాభం లేదు. పాత కారు కొనేటప్పుడు రెండు చూడండి. సేఫ్టీ సర్టిఫికెట్ లేకుండా రిజిస్ట్రేషన్ ఉన్న కారు అమ్మకూడదు, అమ్మేవాళ్లే ఇవ్వాలి. రెండోది, పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో రెండు డాలర్లు కడితే ఆ బండి మీద ఎవరికైనా అప్పు బాకీ ఉందేమో తెలుస్తుంది. కొన్న 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

ఎడమవైపు డ్రైవింగే కాబట్టి మనకు సులువు. హారన్ మీదున్న చెయ్యి తీయడమే కష్టం. చీకటి పడ్డాక ఊరి బయట నడపకండి, వాలబీలు (చిన్న కంగారూలు) ఉన్నట్టుండి రోడ్డు మీదకు దూకుతాయి.

వీకెండ్లు: ఏది ముందు, ఏది తర్వాత

మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. జీతం పడిన వారం ఖర్చయ్యే ట్రిప్, తర్వాతి వారం పెట్రోలు మాత్రమే అయ్యే ట్రిప్. టిఫిన్ బాక్సుల్లో పులిహోర.

ఖర్చు లేని వాటిలో నాకు బాగా నచ్చింది అథర్టన్ టేబుల్‌ల్యాండ్స్. గోర్డన్‌వేల్ నుంచి గిల్లీస్ ఘాట్ రోడ్డు ఎక్కాలి. 19 కిలోమీటర్లలో 263 మలుపులు, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. పైన లేక్ ఈచమ్. అగ్నిపర్వతం పేలి ఏర్పడ్డ గుంటలో నీలంగా నిలిచిన నీళ్లు, చుట్టూ అడవి. ఈత కొట్టవచ్చు. దగ్గర్లోనే యుంగబుర్రా ఊరు, దాని పక్కన కర్టెన్ ఫిగ్. మర్రిలాంటి చెట్టు ఒకటి పక్కకు ఒరిగిన ఇంకో చెట్టు మీదనుంచి ఊడల్ని తెరలా దించింది. సాయంత్రం పీటర్సన్ క్రీక్ ఒడ్డున మాట్లాడకుండా నిలబడితే ప్లాటిపస్ (బాతులాంటి ముక్కున్న నీటి జంతువు) కనిపిస్తుంది. మేం అరగంట నిలబడ్డాం. ముందు బుడగలు, తర్వాత బాతు ముక్కు, ఆపైన గోధుమ రంగు వీపు, మళ్లీ మునక. ఫొటోలో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. తిరుగుదారిలో మిల్లా మిల్లా జలపాతం.

దక్షిణం వైపు బబిండా బౌల్డర్స్, జోసెఫిన్ ఫాల్స్ ఒకే రోజులో చూడవచ్చు. బబిండాలో ఈతకు కేటాయించిన మడుగులోనే దిగండి. కిందనున్న డెవిల్స్ పూల్ వైపు అస్సలు వద్దు, అక్కడ ఎందరో మునిగిపోయారు. జోసెఫిన్ దగ్గర ఎండగా ఉన్నా పైన కొండ మీద వాన పడితే నీళ్లు హఠాత్తుగా పెరుగుతాయి. పైనున్నది బార్టిల్ ఫ్రీర్, క్వీన్స్‌లాండ్‌లో ఎత్తయిన కొండ. దాని మీద మబ్బు కనిపిస్తే ఒడ్డునే కూర్చుని పులిహోర తినండి.

టల్లీలో పనిచేస్తే మిషన్ బీచ్ పక్కనే. అక్కడ కాసోవరీలుంటాయి. మనిషంత ఎత్తు పక్షి, నీలం మెడ, తల మీద కిరీటం, కాలికి కత్తిలాంటి గోరు. ఎదురైతే పరుగెత్తకూడదు, బ్యాగు అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి. టల్లీ ఊళ్లోనే 7.9 మీటర్ల బంగారు రంగు గమ్‌బూట్ బొమ్మ ఉంది. 1950లో ఆ ఊళ్లో కురిసిన వాన ఎత్తు అది. లోపల మెట్లున్నాయి, ఎక్కి చూడవచ్చు.

డెయిన్‌ట్రీ, కేప్ ట్రిబ్యులేషన్‌కు రెండు రోజులు పెట్టుకోండి. ఒక్కరోజులో వెళ్లొచ్చినవాళ్లు కారు అద్దంలోంచి చెట్లు చూసినట్టే. దారిలో మోస్‌మన్ గార్జ్. ఆపైన డెయిన్‌ట్రీ నదిని కేబుల్ ఫెర్రీ మీద కారుతో సహా దాటాలి. అవతల చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇవతలే పెట్రోలు నింపుకోండి. ఇది ఈస్టర్న్ కుకు యలంజీ అనే ఆదివాసీ ప్రజల నేల. 2021లో డెయిన్‌ట్రీ జాతీయ ఉద్యానం యాజమాన్య హక్కు వాళ్లకు తిరిగి ఇచ్చారు. నదిలో, సముద్రపు పాయల్లో మొసళ్లుంటాయి. బోర్డు లేనిచోట కూడా ఉన్నాయనే అనుకోవాలి.

కురాండా రైలు 1891 నాటి లైను, 15 సొరంగాలు. అందంగానే ఉంటుంది, టికెట్ కూడా అంతే ఘనంగా ఉంటుంది. అరకు రైలెక్కినవాళ్లు దీన్ని వదిలేసి కారులో వెళ్లి బారన్ ఫాల్స్ చూసి రావచ్చు. ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి, వానలు లేని నెలల్లో ధార సన్నబడిపోతుంది.

రీఫ్‌కు మాత్రం డబ్బు దాచి వెళ్లండి. దగ్గర్లో గ్రీన్ ఐలాండ్, ఫిట్జ్‌రాయ్ ఐలాండ్ ఉన్నాయి. బయటి రీఫ్ టూర్‌కు మనిషికి 200 డాలర్ల పైనే అవుతుంది. ఈత రాకపోతే పడవ వాళ్లకు ముందే చెప్పండి, తేలే జాకెట్ ఇచ్చి పక్కన మనిషిని పెడతారు. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీ ఫిష్‌ల కాలం, ఒళ్లంతా కప్పే స్టింగర్ సూట్ లేనిదే దిగకూడదు. ఆ నెలల్లో బీచ్‌లో ఈత వలలు కట్టినచోటే. లేదంటే ఊళ్లో ఎస్ప్లనేడ్ దగ్గర ఉప్పునీటి లగూన్ ఉంది, ఉచితం.

ఎక్కడికీ వెళ్లని వారం రస్టీస్ మార్కెట్. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఉంటుంది. పనస తొనలు, సీతాఫలాలు చూడగానే ప్రాణం లేచొస్తుంది.

వచ్చేసేటప్పుడు

మన జీతంలో 45,000 డాలర్ల దాకా 15 శాతం పన్ను మొదటి డాలర్ నుంచే కోస్తారు. అక్కడి ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, రిటర్న్ అక్టోబరు 31 లోపు వేయాలి. యజమాని జీతం మీద 12 శాతం సూపర్ కడతాడు. దేశం విడిచి వెళ్లాక, వీసా గడువు ముగిశాక దాన్ని తీసుకోవచ్చు. కానీ ఈ వీసా వాళ్లకు అందులో 65 శాతం పన్ను. చేతికొచ్చేది మూడో వంతు చిల్లర. అయినా వదులుకోకండి. ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త సూపర్ ఖాతా తెరిస్తే ఫీజులకే పోతుంది, మొదటి దాని నంబరే ప్రతిచోటా ఇవ్వండి.

రెండో వీసా వేయాలనుకుంటే పేస్లిప్పులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి, తేదీల వారీగా దాచుకోండి. మావి మా ఆయన ఎక్సెల్‌లో ఎక్కించాడు. ఆ తొమ్మిది రోజుల గడులు ఇప్పటికీ పసుపు రంగులో ఖాళీగానే ఉన్నాయి.

కారు అమ్మడానికి నెల ముందే ప్రకటన పెట్టండి, ఆఖరి వారంలో అమ్మితే అడిగినంతకు ఇవ్వాల్సి వస్తుంది. తోట బూట్లు ఇంటికి తెచ్చుకోవద్దు. మావి హాస్టల్ వరండాలో కడిగి, ఆరబెట్టి, సైజు రాసిన చీటీ పెట్టి వచ్చాం. బస్సెక్కేలోపే నా జత ఎవరో తొడుక్కుని నడిచిపోతూ కనిపించారు.